ర్యాంకు లెక్కలో లేని గంటలు

మెడిసిన్ సీటుకు మార్కులొక్కటే చాలవు, ఆటలూ సేవా కార్యక్రమాలూ నాయకత్వ లక్షణాలూ చూపించాలన్న సలహా ఈమధ్య వీడియోల్లోనూ, అమెరికాలో స్థిరపడ్డ బంధువుల ఫోన్లలోనూ తరచుగా వినిపిస్తోంది. దానికి పూర్తిగా ఎదురు సలహా మన ఇంటర్ హాస్టళ్లలో వినిపిస్తుంది: చేరిన రోజు నుంచి నీట్ రాసే రోజు దాకా పుస్తకం తప్ప మరేదీ ముట్టుకోవద్దని. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో బైపీసీ చదివే పిల్లలు ఈ రెండింటి మధ్యా నలుగుతున్నారు. మొదటి సలహా మన దేశానికి పనికొచ్చేది కాదు. రెండోది మన దేశంలో పుట్టిందే గానీ తప్పుడు లెక్క మీద నిలబడింది. చదువు కాని పనులకు మన అడ్మిషన్ పద్ధతిలో ఒక్క మార్కు కూడా రాదు. రాదు కాబట్టే వాటిని ఎవరి మెప్పు కోసమో కాకుండా మన అవసరానికి తగినట్టు ఎంచుకునే వెసులుబాటు ఉంది. అమెరికా పిల్లలకు లేని ఈ వెసులుబాటును మనవాళ్లు గుర్తించడం లేదు.

అమెరికాలో మెడికల్ స్కూలుకు దరఖాస్తు చేసేది డిగ్రీ చదివినవాళ్లు. డిగ్రీ గ్రేడ్లు, 528కి ఎంత వచ్చిందో చెప్పే ఎంక్యాట్ స్కోరు, సిఫారసు లేఖలు, సొంతంగా రాసుకునే వ్యాసం, ఆపైన ఇంటర్వ్యూ అన్నీ చూస్తారు. దరఖాస్తులో ఆసుపత్రిలో స్వచ్ఛంద సేవ, ల్యాబులో పరిశోధన, ఆటలు వంటి అనుభవాలు 15 దాకా రాయడానికి చోటిస్తారు. వాటిలో మూడింటిని ముఖ్యమైనవిగా గుర్తు పెట్టమంటారు. అక్కడ పుట్టి పెరిగిన మన తెలుగు పిల్లలు ఏ వారాంతం ఏ ఆసుపత్రిలో గడపాలో పదిహేనో ఏట నుంచే లెక్క వేసుకోవడం ఇందుకే. ఇష్టంతో చేసేదేదో దరఖాస్తు కోసం చేసేదేదో కొన్నాళ్లకు వాళ్లకే తెలియకుండా పోతుందన్న విమర్శ అక్కడా ఉంది. శ్రీకాళహస్తిలోనో పలమనేరులోనో ఇంటర్ చదివే అమ్మాయి ఈ జాబితాను నెత్తికెత్తుకోవాల్సిన పని లేదు.

ఆ అమ్మాయి ముందున్నది నీట్ ఒక్కటే. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90, మొత్తం 180 ప్రశ్నలు, 720 మార్కులు, మూడు గంటలు. ఒప్పుకు నాలుగు వస్తాయి, తప్పుకు ఒకటి పోతుంది. ఇద్దరికి సమానంగా వస్తే ముందు బయాలజీ మార్కులు, తర్వాత కెమిస్ట్రీ, ఆ తర్వాత ఫిజిక్స్ చూస్తారు. బడిలో గెలిచిన కప్పులు అక్కడ కూడా అడగరు. ఇంటర్ మార్కుల స్థానమూ మారిపోయింది. ఎంసెట్ రోజుల్లో ర్యాంకులో నాలుగో వంతు ఇంటర్ మార్కులదే. మెడిసిన్‌కు ఆ పద్ధతి 2016తో ముగిసింది. 2017 నుంచి మన రాష్ట్రంలో ఎంబీబీఎస్ సీటుకు నీట్ ర్యాంకే ఆధారం, మేనేజ్‌మెంట్ కోటా సీటుకు కూడా. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్ అభ్యర్థికి 50 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం ఉంటే అర్హత వచ్చినట్టే. అందుచేత మార్కులకూ ఇతర కార్యక్రమాలకూ మధ్య సమతూకం అన్న ప్రశ్న మన దగ్గర అడ్మిషన్ ప్రశ్నే కాదు. అది ఒక పిల్ల లేదా పిల్లవాడు రెండు మూడేళ్లు ఎలా బతకాలన్న ప్రశ్న.

"ఎన్‌సీసీ కోటా ఉంది కదా, స్పోర్ట్స్ కోటా ఉంది కదా" అంటారు. ఉన్నాయి. డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్‌లో ప్రత్యేక విభాగాల కింద ఇవి వస్తుంటాయి. కానీ అవి ఒక శాతం, అర శాతం లాంటి చిన్న భాగాలు. రాష్ట్ర, జాతీయ స్థాయిలో ఆడినవాళ్లు, గణతంత్ర దినోత్సవ శిబిరం దాకా వెళ్లిన క్యాడెట్లు వాటికి పోటీ పడతారు. నీట్‌లో అర్హత వాళ్లకీ తప్పదు. ఎనిమిదో తరగతి నుంచి ఇష్టంతో ఎన్‌సీసీలో ఉన్నవాళ్లు ఆ సర్టిఫికెట్లు భద్రంగా దాచుకుని, ఆ ఏడాది నోటిఫికేషన్ వచ్చాక నిబంధనలు చదువుకుంటే సరిపోతుంది. కోటా కోసం ఇంటర్‌లో కొత్తగా చేరడం దండగ. దీనికన్నా వందల రెట్లు ముఖ్యమైన విషయం ఒకటుంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు: స్థానికత. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం (ఎస్వీయూ) పరిధిలో స్థానిక అభ్యర్థి కావడానికి అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్లు వరుసగా ఎక్కడ చదివారన్నది ప్రధానం. మన సరిహద్దు పిల్లల్లో చాలామంది మంచి కోచింగ్ అని చెన్నైకో బెంగళూరుకో వెళ్లి అక్కడే ప్లస్ టూ చదువుతారు. ఆ నిర్ణయం తీసుకునే ముందు స్థానికత నిబంధన చదివి తీరాలి.

మార్కులకు బయట మనిషిని చూసి మెడికల్ సీటిచ్చిన సంస్థ మనకు కూతవేటు దూరంలోనే ఒకటి ఉండేది. చిత్తూరు నుంచి గంటకు అటూ ఇటూగా బస్సులో చేరే రాయవేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) అది. ఐడా స్కడర్ 1900లో ఒకే మంచంతో మొదలుపెట్టి, 1918లో ఆడపిల్లలకు వైద్య పాఠశాల తెరిచిన చోటు. మన జిల్లాలో పెద్ద జబ్బు వస్తే ఇప్పటికీ చాలామంది అక్కడికే పరుగెత్తుతారు. ఆ సంస్థ రాతపరీక్షలో నెగ్గినవాళ్లను క్యాంపస్‌కు పిలిపించి, కొన్ని రోజులు అక్కడే ఉంచి, బృందంగా పనులు చేయించి, ఇంటర్వ్యూలు చేసి ఎంపిక చేసేది. నీట్ తప్పనిసరి అయ్యాక ఈ పద్ధతి వదులుకోవడానికి ఒప్పుకోక కోర్టుకు వెళ్లింది. 2017లో ఎంబీబీఎస్‌లో వంద సీట్లుండగా ఒక్కరినే చేర్చుకుని మిగతావి ఖాళీగా ఉంచింది. 2020 ఏప్రిల్ 29న సుప్రీంకోర్టు ప్రైవేటు మైనారిటీ సంస్థలకూ నీట్ వర్తిస్తుందని తీర్పు ఇవ్వడంతో ఆ తలుపు మూసుకుంది.

వేలూరు పద్ధతిని అన్ని చోట్లా పెడితే మంచి డాక్టర్లు రారా అని ఎవరైనా అడగవచ్చు. వేలూరు వరకు వచ్చారనే చెప్పాలి. దేశమంతటికీ ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేదు. క్యాపిటేషన్ ఫీజులు రాజ్యమేలిన దేశంలో ఇంటర్వ్యూకి పది మార్కులున్నా అవి ఎవరి చేతిలోకి వెళ్తాయో ఊహించడం కష్టం కాదు. అందరికీ ఒకే పరీక్ష, ఒకే ర్యాంకు అన్నదానిలో కరుకుదనం ఉంది గానీ, దాన్ని మభ్యపెట్టడం ఇంటర్వ్యూను మభ్యపెట్టినంత తేలిక కాదు. 2024 నీట్‌లో తొలుత 67 మందికి 720కి 720 వచ్చినట్టు ప్రకటించి, చివరికి 17 మందికి తగ్గించిన గొడవ చూశాక ఈ మాట అనడానికి కాస్త తడబాటు కలుగుతుంది, నిజమే. అయినా కార్యక్రమాలకు మార్కులు పెడితే మొదట నష్టపోయేది మన పల్లెటూరి పిల్లలే. సంగీతం టీచరు, ఈతకొలను, డిబేట్ క్లబ్బు తిరుపతి పట్నంలో దొరకవచ్చు. వి.కోటలోనో సత్యవేడులోనో ప్రభుత్వ జూనియర్ కాలేజీ పిల్లకు అవెక్కడివి? సాయంత్రం పాలు పితకడం, అమ్మమ్మకు మందులు వేయడం ఏ దరఖాస్తులోనూ అనుభవంగా కనిపించవు. కాబట్టి కార్యక్రమాలు లెక్కలోకి రాకపోవడం మీద నాకు ఫిర్యాదు లేదు. లెక్కలోకి రావు కాబట్టి వాటిని పూర్తిగా చంపేయాలన్న తీర్మానం మీదే ఫిర్యాదు.

ఆ తీర్మానం వెనక ఉన్న వాదం బలహీనమైనదేమీ కాదు. ఒక్క మార్కు తేడాలో వేల ర్యాంకులు మారిపోయే చోట రోజుకు అరగంట ఆటకు పోతే ఆ అరగంటలో పక్కవాడు నలభై ప్రశ్నలు చేసేస్తాడు అంటారు. లెక్కే వేసి చూద్దాం. రోజుకు అరగంట అంటే వారానికి మూడున్నర గంటలు. రోజుకు పన్నెండు గంటల చొప్పున ఆరు రోజులు చదివే విద్యార్థికి అది చదువు సమయంలో అయిదు శాతం కూడా కాదు. మరి పన్నెండో గంటలో చేసిన ప్రశ్నలు, రెండో గంటలో చేసిన ప్రశ్నలు బుర్రలో ఒకేలా నిలుస్తాయా? నిలవవని చదివే ప్రతివాళ్లకూ తెలుసు. నిద్రలో జ్ఞాపకం గట్టిపడుతుందన్నది వైద్యశాస్త్రంలో స్థిరపడ్డ విషయం. నీట్ శిక్షించేది తెలియనితనాన్ని మాత్రమే కాదు, అలసటను కూడా. వచ్చిన ప్రశ్నకే తొందరలో తప్పు గడి నింపితే రావలసిన నాలుగు పోయి, ఉన్నదాంట్లోంచి మరొకటి పోతుంది. అలాంటివి రెండు జరిగితే పది మార్కులు. ఆ పది మార్కులు సంపాదించడానికి ఎన్ని రాత్రులు మేలుకోవాలో లాంగ్ టర్మ్ పేరుతో మరో ఏడాది కోచింగ్ చదివినవాళ్లను అడగండి.

ఇంకో సంగతి. నీట్ జరిగేది మే నెల మొదటివారంలో, మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా. రాయలసీమ ఎండకు అది పరాకాష్ట. రాత్రి ఒంటిగంట దాకా చదివి, పగలు అన్నం తిన్నాక కునుకు తీసే అలవాటున్న పిల్లవాడి ఒళ్లు రెండేళ్లుగా సరిగ్గా ఆ మూడు గంటల్లో పడుకోవడానికే అలవాటు పడి ఉంటుంది. పరీక్ష రోజు ఒక్కసారిగా మేలుకోమంటే వింటుందా? పొద్దున నడక, సాయంత్రం అరగంట షటిలో కబడ్డీయో, రాత్రి పదకొండుకు ముందు నిద్ర, మధ్యాహ్నం గ్రాండ్ టెస్టులు. ఇది వ్యక్తిత్వ వికాసం కాదు, నీట్ సన్నాహమే. చదువుకు చోటివ్వడం కోసం ఒంటిని పక్కన పెట్టేవాళ్లు ఈ సన్నాహంలో సగాన్ని వదిలేస్తున్నారు.

"మా హాస్టల్లో గేటు దాటనివ్వరు, ఇక ఆటలెక్కడ" అన్నది ఇంకా నిజమైన అభ్యంతరం. ఇది పిల్లల చేతిలో లేదు, ఫీజు కట్టే తల్లిదండ్రుల చేతిలో ఉంది. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ కేంద్రాలకు మార్గదర్శకాలు ఇచ్చింది: రోజుకు అయిదు గంటలకు మించి క్లాసులు ఉండకూడదు, వారానికో సెలవు ఉండాలి, సెలవు మర్నాడు పరీక్ష పెట్టకూడదు. మన దగ్గర కాలేజీ, కోచింగ్ ఒకే గోడల మధ్య నడుస్తాయి కాబట్టి ఈ నిబంధనలు తమకు కావన్నట్టు చాలా యాజమాన్యాలు నడుచుకుంటాయి. 2025 జులైలో సుప్రీంకోర్టు మరో అడుగు వేసింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణించిన కేసులో దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడగొట్టవద్దన్నది, వంద మంది లేదా అంతకంటే ఎక్కువ ఉన్న చోట కౌన్సెలర్ ఉండాలన్నది, ఆటలకూ కళలకూ ప్రాధాన్యం ఇవ్వాలన్నది వాటిలో ఉన్నాయి. అడ్మిషన్ రోజున ర్యాంకుల ఫ్లెక్సీ చూసే తల్లిదండ్రులు మైదానం ఎక్కడుందో, ఆదివారం ఏం చేయిస్తారో కూడా అడిగితే బాగుంటుంది. జవాబు నసుగుతూ వస్తే తిరుపతిలోనే ఇంట్లో ఉండి చదివే కాలేజీ గురించి ఆలోచించాలి. తారకరామ స్టేడియం చుట్టూ నాలుగు రౌండ్లు నడవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

సీటు వచ్చాక ఏమవుతుందన్నది చూస్తే ఈ వాదానికి ఇంకా బలం వస్తుంది. అడ్మిషన్ అడగనిదాన్ని ఎంబీబీఎస్ మొదటి రోజు నుంచే అడుగుతుంది. 2019లో దేశమంతటా వచ్చిన కొత్త పాఠ్యప్రణాళికలో మొదట 175 గంటల ఫౌండేషన్ కోర్సు పెట్టారు. అందులో 40 గంటలు భాష, కంప్యూటర్ నైపుణ్యాలకు, 40 గంటలు వృత్తి విలువలకు, 22 గంటలు ఆటలు, ఇతర కార్యక్రమాలకు కేటాయించారు. రోగితో ఎలా మాట్లాడాలి, చెడు వార్త ఎలా చెప్పాలి అన్నవి కోర్సు పొడుగునా పాఠాలే. ఆ తర్వాత ఒక్కో విద్యార్థి గ్రామాల్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని వాళ్ల ఆరోగ్యం గమనించే కార్యక్రమమూ చేర్చారు. రెండేళ్లు నాలుగు గోడల మధ్య ఎవరితోనూ మాట్లాడకుండా గడిపిన పిల్లవాడు ఎస్వీ మెడికల్ కాలేజీలో చేరి రుయా ఆసుపత్రి వార్డులో మొదటిసారి ఒక ముసలాయన ముందు నిలబడినప్పుడు ఏం మాట్లాడాలో తోచక పుస్తకంలోకి చూస్తాడు. పైచదువులకు విదేశం వెళ్లాలనుకునేవాళ్లకు ఇంకో చిక్కు: అమెరికా లైసెన్సు పరీక్షలో మొదటి దశ 2022 జనవరి నుంచి పాస్, ఫెయిల్ అనే చెబుతుంది, స్కోరు ఇవ్వదు. రెసిడెన్సీ సీటు దగ్గర పరిశోధన, క్లినికల్ అనుభవం, సిఫారసు లేఖల బరువు ఆ మేరకు పెరిగింది. అమెరికా మామయ్య సలహా ఆరేళ్లు ముందుగా వచ్చిందన్నమాట.

మరి ఏం ఎంచుకోవాలి? ఒళ్లు కదిలే పని ఒకటి, మనుషుల మధ్య చేసే పని ఒకటి. అంతకు మించి పెట్టుకోవద్దు. మొదటిది ఏదైనా ఒకటే. రెండోదానికి మన ప్రాంతమే ఒక అవకాశం ఇస్తుంది. రుయాలో గానీ స్విమ్స్‌లో గానీ ఓపీ వరుస దగ్గర ఓ పూట నిలబడితే తెలుగుతో పాటు తమిళం, ఉర్దూ చెవిన పడతాయి. నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు తమిళం ఇంటి భాష అయినవాళ్లు ఎందరో. కుప్పంలో పీఈఎస్ మెడికల్ కాలేజీ ఉన్న చోటు మూడు రాష్ట్రాలు కలిసే మూల, అక్కడ కన్నడం కూడా కావాలి. పక్కింటివాళ్లతో రోజుకు పది నిమిషాలు తమిళంలో మాట్లాడటం నేర్చుకున్న పిల్లకు రేపు రోగి నొప్పి ఎక్కడో దుబాసీ లేకుండా తెలుస్తుంది. దీనికి ఖర్చు లేదు, చదువు గంట ఒక్కటీ పోదు. ప్రథమ చికిత్స నేర్చుకోవడం ఇంకొకటి. గుండె ఆగినవాళ్లకు నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కడం ఎలాగో ఒక పూటలో నేర్పుతారు. పాము కరిస్తే నాటు వైద్యుడి దగ్గర ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయించి ఆసుపత్రికి తరలించడం మామిడి తోటల ఊళ్లలో ప్రాణాలు నిలిపే జ్ఞానం. సెలవుల్లో ఊళ్లో ఆశా కార్యకర్త వెంట రెండు రోజులు తిరిగితే వైద్యం అంటే ఆపరేషన్ థియేటర్ మాత్రమే కాదని కళ్లకు కడుతుంది. అలా తిరిగాక "ఇది నాకు నచ్చదు" అనిపించినా మంచిదే. ఆ మాట పదహారో ఏట తెలియడం ఇరవై మూడో ఏట తెలియడం కంటే ఎంతో నయం. వీటిలో దేనికీ సర్టిఫికెట్ అడగవద్దు. పుణ్యానికి ఫోటోలు దిగి ఫైలు నింపుకునే సేవా శిబిరాలు మన అడ్మిషన్‌లోనూ పనికిరావు, మనిషికీ పనికిరావు.

సీటు రాకపోతే అన్న ప్రశ్నను ఇళ్లలో ఎత్తడానికి భయపడతారు. అంకెలు మాత్రం ఎత్తక తప్పదంటాయి. 2025లో నీట్ రాసినవాళ్లు 22 లక్షల పైచిలుకు, అర్హత పొందినవాళ్లు 12 లక్షల పైచిలుకు, దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు సుమారు 1.2 లక్షలు. రాసిన ప్రతి పద్దెనిమిది మందిలో పదిహేడు మందికి సీటు రాదు. వాళ్లంతా చదవనివాళ్లు కాదు. ఇంటర్ మార్కులు అర్హతకే కదా అని గాలికొదిలేసినవాళ్లు సీటు రాక వేరే కోర్సు వెతుక్కునేటప్పుడే దెబ్బ తింటారు. తిరుపతిలోనే భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ (ఐసర్) ఉంది, 2015 నుంచి నడుస్తోంది, దానికి వేరే ఆప్టిట్యూడ్ పరీక్ష ఉంటుంది. వ్యవసాయ కళాశాల, పశువైద్య విశ్వవిద్యాలయం, స్విమ్స్‌లో నర్సింగ్, ఫిజియోథెరపీ వంటి కోర్సులు ఉన్న ఊరిది. జీవశాస్త్రం మీద నిజమైన ఇష్టం ఉన్నవాళ్లకు ఇన్ని దారులున్న ఊళ్లు రాష్ట్రంలో ఎక్కువ లేవు. రెండేళ్లూ నీట్ తప్ప మరేదీ చూడని విద్యార్థికి ఈ దారులు ఓటమిలా కనిపిస్తాయి. ఒక ఆట, ఒక భాష, నలుగురు మనుషులు తెలిసినవాడికి ఇవి దారుల్లాగానే కనిపిస్తాయి.

కాలాన్ని బట్టి మోతాదు మారాలి. పదో తరగతి దాకా ఎన్ని రకాలు ప్రయత్నిస్తే అంత మంచిది, ఏది నిలుస్తుందో తెలిసేది అప్పుడే. ఇంటర్ మొదటి ఏడాది పైన చెప్పిన రెండూ ఉండాలి. రెండో ఏడాది జనవరి నుంచి ఒంటి వ్యాయామం ఒక్కటే మిగిలినా తప్పులేదు, అది మాత్రం పరీక్ష ముందు రోజు దాకా ఆగకూడదు. లాంగ్ టర్మ్ తీసుకున్నవాళ్లకు ఇది ఇంకా అవసరం. ఎందుకంటే వాళ్లు చదివేది పాత పాఠమే, కొరవడేది జ్ఞానం కన్నా ఓపిక. ఇక అందరూ వృథా చేసేది మే మొదటి వారం నుంచి కౌన్సెలింగ్ పూర్తయ్యే దాకా ఉన్న కాలం. ఫలితాలకే నెలకు పైగా పడుతుంది, సీట్ల కేటాయింపు ఆగస్టు, సెప్టెంబరు దాకా సాగుతుంది. కీ చూసుకుంటూ, కటాఫ్ ఊహిస్తూ, ఫోనులో గడిచిపోయే ఆ మూడు నాలుగు నెలల్లో చదువుతో పోటీ పడే పనే ఉండదు. తమిళం, ప్రథమ చికిత్స, ఊళ్లో ఆరోగ్య కేంద్రం, ఈత ఏదైనా సరే అప్పుడు మొదలుపెట్టవచ్చు. వాటితో పాటు స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు ముందే తెచ్చిపెట్టుకోవాలి. కౌన్సెలింగ్ తేదీ ప్రకటించాక వాటి కోసం తిరిగితే చేతిలోకి వచ్చిన ర్యాంకు కూడా జారిపోవచ్చు.